పనిముట్లు చేసికొను విద్య

సాయంకాలము ఐదు గంటల వేళ దిల్‌సుఖ్‌నగరు మెట్రో స్టేషను మెట్లు దిగి రోడ్డుమీదికి వచ్చినవారికి ఆ ప్రాంతమంతయు ఒక పెద్ద పాఠశాలవలె తోచును. మేడల గోడలనిండ కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు వ్రేలాడుచుండును. జావా, పైథాన్, డేటా సైన్సు అను పేర్లు పెద్ద అక్షరములతో నుండును. వాని క్రింద ఇన్ని వారములలో నేర్పెదమను వాగ్దానముండును. చైతన్యపురి దాటి ఎల్.బి.నగరు కూడలివైపు పోయినను ఇట్టి బోర్డులే. విజయవాడ రహదారి వెంబడి నల్లగొండ, సూర్యాపేట జిల్లాల గ్రామములనుండి వచ్చి, ఇచ్చటి హాస్టళ్లలో నుండి చదువుకొను యువతీయువకులు వీపున సంచులతో ఒక తరగతినుండి మరియొక తరగతికి పరుగిడుచుందురు. మన పాఠశాలలో పదవ తరగతి ముగించిన పిల్లలలో పెక్కుమంది కొన్ని సంవత్సరములకు ఆ మేడల మెట్లే ఎక్కుచున్నారు.

ఆ శిక్షణను నిందించుట మా యుద్దేశము కాదు. దానివలన ఉద్యోగము సంపాదించి తలిదండ్రుల ఋణము తీర్చినవారు మన పూర్వవిద్యార్థులలోనే కలరు. అయినను మా మనస్సును కలతపెట్టిన విషయమొకటి కలదు. పై తరగతుల పిల్లలను కొందరిని మేమొక ప్రశ్న అడిగితిమి: “మీరు వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియునట్లు చేయునది యేది?” “కంప్యూటరే, సార్” అని యొక బాలుడు చెప్పెను. “సాఫ్ట్‌వేరు” అని యొక బాలిక దిద్దెను. “మంచిది, ఆ సాఫ్ట్‌వేరును ఎవరు, దేనితో చేసిరి?” అని మరల అడుగగా అందరును మౌనము వహించిరి. ఆ మౌనమును గూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కంప్యూటరులోని ప్రాసెసరు సంఖ్యల రూపమున నుండు ఆజ్ఞలను మాత్రమే యెరుగును. మనుష్యుడు వ్రాసిన మూలపాఠమును చదివి, వ్యాకరణము సరిగా నున్నదో లేదో పరీక్షించి, అర్థము గ్రహించి, ఆ సంఖ్యలుగా మార్చు ప్రోగ్రామునకు కంపైలరు అని పేరు. కంపైలరు కూడ ప్రోగ్రామే గనుక దానిని ఏదో యొక భాషలో వ్రాయవలసినదే. తాను అనువదించు భాషలోనే అది వ్రాయబడి, తన మూలపాఠమును తానే అనువదించుకొనగలిగినచో దానిని సెల్ఫ్ హోస్టింగు కంపైలరు అందురు. తన కాళ్లపై తాను నిలిచిన కంపైలరని మన మాట.

ఇది విన్న తోడనే పిల్లలు, “అది యెట్లు సాధ్యము? మొదటిది ఎక్కడనుండి వచ్చెను?” అని అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. దీనికి సమాధానము మన వంటయిండ్లలో నున్నది. పెరుగు కావలెనన్న పాలలో పెరుగే తోడు వేయవలెను. ఇంట పెరుగు లేనినాడు గిన్నె తీసికొని పొరుగింటికి పోదుము. అచ్చటను దొరకనిచో మిరపకాయ తొడిమలైనను, నాలుగు చుక్కల నిమ్మరసమైనను వేసి చూతుము. ఆ మొదటి పెరుగు అంత కమ్మగా నుండదు. దానిని తోడు వేసి మరునాడు చేసినది మేలు. మూడవనాటికి అది మన యింటి పెరుగే యగును. పొరుగింటి గిన్నెతో పనియుండదు.

కంపైలర్ల చరిత్రయు నిట్లే నడచినది. 1957లో ఐబీఎం సంస్థలో జాన్ బ్యాకస్ బృందము ఫోర్ట్రాన్ కంపైలరును వెలువరించినప్పుడు, ఒక్కడే చేసినచో 18 సంవత్సరములు పట్టునంతటి శ్రమ పట్టెనని చెప్పుదురు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.యందు టిమ్ హార్ట్, మైక్ లెవిన్ అను నిరువురు లిస్ప్ భాషకు కంపైలరును లిస్ప్‌లోనే వ్రాసి, అదివరకే యున్న లిస్ప్ ఇంటర్‌ప్రెటరులో దానిని నడపి, దానిచేత దానినే కంపైలు చేయించిరి. రస్ట్ భాష కంపైలరు మొదట ఓకామెల్ అను వేరొక భాషలో వ్రాయబడి, 2011లో తన్ను తాను కంపైలు చేసికొనెను. గూగుల్ వారి గో భాష కంపైలరు మొదట సీ భాషలో నుండెను. 2015 ఆగస్టులో వెలువడిన 1.5 కూర్పునుండి అది గో భాషలోనే యున్నది. అన్నియు నీ మార్గమునే పట్టలేదు. పైథాన్ భాషను నడుపు ప్రధానమైన ప్రోగ్రాము నేటికిని సీ భాషలోనే యున్నది; అంతమాత్రమున దానికి కొరత లేదు.

మరి యింత శ్రమ యేల? తన భాషలో తన కంపైలరును వ్రాయువాడు ఆ భాషకు మొదటి పరీక్షకుడగును. ఎక్కడ మాట చాలదో, ఎక్కడ నియమము వంకరయో వానికి మొదట తెలియును. మన భాష చరిత్రలోను ఇట్టి ఘట్టము కలదు. నన్నయభట్టు రచించెనని ప్రతీతిగల ఆంధ్రశబ్దచింతామణి తెలుగునకు వ్యాకరణమయ్యును సంస్కృతమున నున్నది. 1816లో క్యాంబెల్ దొరయు, 1840లో బ్రౌను దొరయు తెలుగు వ్యాకరణములను ఇంగ్లీషులో ప్రకటించిరి. వారివలన గలిగిన మేలు గొప్పది. కాని 13వ శతాబ్దమున కేతన ఆంధ్రభాషాభూషణమును, 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణమును తెలుగుననే రచించుటచేత మన భాష తన నియమములను తన నోటనే చెప్పుకొనగలిగినది. తనను గూర్చి తాను చెప్పుకొనగల భాషకే నిండుతనము వచ్చునని మా యభిప్రాయము.

కంపైలరుతో పాటు ఎడిటరును గూర్చియు చెప్పవలెను. నేటి విద్యార్థి ప్రోగ్రామును వ్రాయుచుండగనే ఎడిటరు తప్పు క్రింద ఎర్రగీత గీయును, సగము వ్రాసిన పేరును పూరించును, ఆ పేరు మొదట ఎచ్చట నిర్వచింపబడినదో చూపును. ఇవన్నియు ఎడిటరునకు స్వతస్సిద్ధమైన తెలివితేటలు కావు. భాషను చదువు నేర్పు కంపైలరునకే యున్నది. ఆ నేర్పును ఎడిటరు అరువు తెచ్చుకొనుచున్నది. పూర్వము ఒక్కొక్క ఎడిటరునకును ఒక్కొక్క భాషకును వేరువేరుగా ఈ యేర్పాటు చేయవలసియుండెను. ఐదు ఎడిటర్లును ఆరు భాషలును ఉన్నచో 30 పనులు. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ మరి రెండు సంస్థలతో కలసి లాంగ్వేజి సర్వర్ ప్రోటోకాల్ అను ఒప్పందమును ప్రకటించినది. ఎడిటర్లన్నియు, భాషలన్నియు ఆ యొక్క ఒప్పందమును పాటించినచో 30 పనులకు బదులు 11 చాలును. చిన్న భాషను చేయు విద్యార్థికిని ఈ ద్వారము తెరచియే యున్నది.

ఈ ద్వారమున మన తెలుగునకు ప్రత్యేకమైన పని యొకటి కలదు. మన కంటికి ఒక్కటిగా కనబడు “జ్ఞా” అను అక్షరము యంత్రమున జ, పొల్లు, ఞ, దీర్ఘము అని నాలుగు సంకేతములు. 2018 ఫిబ్రవరిలో ఈ యక్షరపు ఒకానొక కూర్పు తెరమీదికి వచ్చినంతనే ఐఫోనులలోని ప్రోగ్రాములు కుప్పకూలెను. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేసినది. తెలుగు అక్షరములను లెక్కించుట తెలియని ఎడిటరు తప్పు ఒకచోట నుండగా గీత మరియొకచోట గీయును. ఇక తప్పును వివరించు సందేశములు మన పిల్లలు వాడు భాషలలో ఇంగ్లీషుననే వచ్చుచున్నవి. తెలుగు మాధ్యమమునుండి వచ్చిన పిల్ల ఆ వాక్యమును చూచి, తన తెలివియే తక్కువయని తలచి తరగతి మానుట మేమెరుగుదుము. “మూడవ పంక్తిలో కుండలీకరణము తెరచితివి, మూయలేదు” అని కంపైలరు చెప్పినచో ఆ పిల్ల తన తప్పును తానే దిద్దుకొనదా? ఈ వాక్యమును ఇతరులు మనకొరకు వ్రాసి యిత్తురని ఎదురుచూచుట న్యాయము కాదు. వ్రాయు నేర్పు మనకే రావలెను.

ఇందు మరియొక గంభీరమైన విషయమున్నది. యూనిక్స్ నిర్మాతలలో నొకడైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కారము స్వీకరించిన సందర్భమున చేసిన ప్రసంగము 1984లో ప్రకటింపబడినది. అందు అతడు ఒక యుక్తిని చూపెను. కంపైలరులో ఒక దొంగదారిని దాచినచో, అది తన్ను తాను మరల కంపైలు చేసికొనినప్పుడెల్ల ఆ దారిని క్రొత్త ప్రతిలోనికి ఎక్కించును. మూలపాఠమును ఎంత వెదకినను అది కనబడదు. తోడులో చేరిన చేదు ప్రతి గిన్నెకును దిగినట్లు! దీనికి విరుగుడును డేవిడ్ వీలర్ 2005లో వివరించెను. వేరొకరు విడిగా చేసిన రెండవ కంపైలరుతో అదే మూలపాఠమును అనువదింపజేసి, ఫలితములను పోల్చి చూడవలెను. అనగా కంపైలరు చేయనేర్చినవారు లోకమున కొద్దిమందియే యున్నచో అందరమును వారిని నమ్మి బ్రతుకవలసినదే. నేర్చినవారు పెరిగినకొలది ఆ నమ్మకము పరీక్షకు నిలుచును.

తలిదండ్రులు రెండు ప్రశ్నలు అడుగుదురని మాకు తెలియును. మొదటిది, “దీనివలన ఉద్యోగము వచ్చునా?” అని. కంపైలర్లు చేయువారికని గల ఉద్యోగములు కొద్దియే. ఆ మాట దాచము. కాని నేడు బోర్డులమీద నున్న పేర్లు పది యేండ్లకు మారిపోవును. మూలపాఠము యంత్రాజ్ఞగా మారు విధము తెలిసినవాడు క్రొత్త పేరు వచ్చినప్పుడు మరల మొదటి మెట్టుననే నిలువబడనక్కరలేదు. రెండవది, “ప్రోగ్రాములను కృత్రిమమేధయే వ్రాసిపెట్టుచుండగా పిల్లవాడు నేర్చుట యేల?” అని. లెక్కలు చేయు యంత్రము వచ్చిన తరువాతను మనము ఎక్కములు మానలేదు. యంత్రము వ్రాసిన దానిలో తప్పొప్పులు చెప్పవలసినది మనుష్యుడే. పనిలోని మర్మము తెలియనివాడు తీర్పరి కాజాలడు.

కావున మా సూచన యిది. తొమ్మిదవ తరగతి విద్యార్థులలో ఇష్టమున్నవారికి ప్రతి శనివారము రెండు గంటలు కేటాయింపవలెను. మొదట కూడికలు, గుణకారములు గల ఒక వాక్యమును చదువు ప్రోగ్రామును పైథానులో వ్రాయింపవలెను. తరువాత పేర్లు, షరతులు, ఆవృత్తులు, ఫంక్షన్లు గల చిన్న భాషకు కంపైలరు చేయింపవలెను. కడపట ఆ కంపైలరును ఆ చిన్న భాషలోనే తిరిగి వ్రాయింపవలెను. పరీక్ష యెట్లన: పైథాను కంపైలరు ఆ పాఠమునుండి మొదటి ప్రతిని చేయును, మొదటి ప్రతి అదే పాఠమునుండి రెండవదానిని, రెండవది మూడవదానిని చేయును. రెండవదియు మూడవదియు అక్షరమక్షరము ఒక్కటిగా నున్నచో తోడు నిలిచినట్లు. లోకప్రసిద్ధమైన జీసీసీ కంపైలరును నిర్మించువారు పాటించు పద్ధతియు నిదియే. దీనికి క్రొత్త యంత్రములను కొననక్కరలేదు. కావలసిన సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించును. కావలసినది ఓపికగల ఒక ఉపాధ్యాయుడు, సంవత్సరకాలము.

ఎల్.బి.నగరునుండి ఉప్పలు మీదుగా ఉత్తరమునకు పోయినచో ఈసీఐఎల్ కర్మాగారము వచ్చును. 1967లో స్థాపింపబడిన ఆ సంస్థలో, కంప్యూటరును కన్నులార చూచినవారే దేశమున కొద్దిమందిగా నున్న కాలమున, టీడీసీ శ్రేణి కంప్యూటర్లను మనవారే నిర్మించిరి. కనుక చేసికొను విద్య ఈ నగరమునకు క్రొత్తది కాదు. మనము మరచినది మాత్రమే.

ప్రియ విద్యార్థులారా! మీలో పదిమంది మొదలుపెట్టి ముగ్గురు ముగించినను మాకు సంతోషమే. మిగిలిన యేడుగురును ఎచ్చట ఆగిరో వ్రాసి తెండు. రాబోవు సంచికలో ఆ ముగ్గురి గెలుపుతో పాటు దానిని కూడ ప్రకటించెదము. మరియొకసారి మేమా ప్రశ్న అడిగినప్పుడు, “అది మేము చేసితిమి, సార్” అని యొక్క కంఠమైన పలికినచో ఈ వ్యాసము సార్థకమగును.