ముందు మన సూక్ష్మజీవుల సంగతి

ఇతర గ్రహాల మీద జీవం బతకగలదా అన్న చర్చలో హైదరాబాద్‌కూ చోటుంది. 2005 ఏప్రిల్ 20న ఇక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక భారీ బెలూన్‌ను ఎగరేసింది. దాని కింద 16 ఉక్కు గొట్టాలు. లోపలి గాలంతా తీసేసి, సూక్ష్మజీవి అన్నది మిగలకుండా శుద్ధి చేసి, ద్రవ నియాన్‌లో ముంచి పంపారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గొట్టం తెరుచుకుంటే, నియాన్ చలికి చుట్టూ ఉన్న పల్చటి గాలి లోపలికొచ్చి గడ్డకడుతుంది. పారాచూట్ సాయంతో దిగిన గొట్టాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనశాలలోనూ పుణెలోనూ పరీక్షిస్తే 12 బ్యాక్టీరియా సముదాయాలు, 6 శిలీంధ్ర సముదాయాలు పెరిగాయి. మూడు బ్యాక్టీరియాలు పూర్తిగా కొత్త జాతులు. వాటికి ఆర్యభట, ఇస్రో, ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేర్లు పెట్టారు. అతినీలలోహిత కిరణాలను అవి తమ దగ్గరి చుట్టాలకన్నా బాగా తట్టుకున్నాయి.

అవి అంతరిక్షం నుంచే వచ్చాయని మాత్రం ఇస్రో చెప్పలేదు. ఆ నిగ్రహం నాకెంతో నచ్చింది.

ఆ తర్వాత జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. డైనోకాకస్ అనే బ్యాక్టీరియాను ఎండబెట్టి, ముద్దలుగా చేసి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట మూడేళ్లు వదిలేశారు. పైపొర చచ్చిపోయింది. ఆ చచ్చిన పొరే గొడుగైంది, లోపలివి బతికాయి.

అలాగని అంగారకుడి మీద అవి కాపురం పెడతాయనుకోవడం తొందరపాటు. అక్కడ గాలి పీడనం మన దగ్గరున్నదాంట్లో ఒక శాతం కూడా లేదు. సగటు చలి మైనస్ 60 డిగ్రీలు. కాపాడేంత ఓజోన్ పొర లేదు. మట్టిలో పెర్‌క్లోరేట్ లవణాలున్నాయని 2008లో ఫీనిక్స్ నౌక కనిపెట్టింది. అతినీలలోహిత కాంతి తోడైతే అవి బ్యాక్టీరియాకు విషమే. అక్కడ ఎండిపోయి నిద్రాణంగా పడి ఉండటం సాధ్యమే. తిని, పెరిగి, పిల్లల్ని పెట్టాలంటే ద్రవరూపంలో నీళ్లుండాలి. అందుకే నా ఆశ ఉపరితలం మీద లేదు, నేల లోతుల్లో ఉంది. శని చందమామ ఎన్సెలాడస్ మంచు కింది సముద్రంలో ఉంది.

ఆ సముద్రాన్ని కాపాడటానికే 2017 సెప్టెంబర్ 15న, శని చుట్టూ తిరుగుతున్న కసీని నౌకను శని వాతావరణంలోకి దూకించి కాల్చేశారు. ఇంధనం అయిపోయాక అదుపు తప్పి ఏ చందమామ మీద పడినా, దానికి అంటుకున్న మన సూక్ష్మజీవులు అక్కడికి చేరే ప్రమాదముంది. ఈ భయం ఉత్తది కాదు. టెర్సికాకస్ అనే బ్యాక్టీరియా మొదట దొరికింది ఫ్లోరిడాలో, ఫ్రెంచ్ గయానాలో నౌకలను సిద్ధం చేసే శుభ్రమైన గదుల్లోనే. తిండి లేకుండా తుడిచి కడిగిన నేల మీద కూడా అది నిలబడింది.

మన మంగళయాన్ అంగారకుడి చుట్టూ తిరిగిందేగానీ నేలను తాకలేదు. రేపు తాకే నౌకను పంపేటప్పుడు దాని మీద ఎన్ని సూక్ష్మజీవులు మిగిలాయో లెక్క తీయాలి, ఆ లెక్కను ప్రజల ముందు పెట్టాలి. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలను ప్రయోగానికి ముందే 110 డిగ్రీలకు పైగా వేడిలో గంటల తరబడి కాల్చి మరీ పంపారు. అక్కడ మన మురికే మనకు దొరికితే, జీవం ఉందో లేదో ఇక ఎవరూ తేల్చలేరు. బెలూన్ గొట్టాల విషయంలో చూపిన శ్రద్ధే అంగారక నౌక విషయంలోనూ ఇస్రో చూపాలని కోరుతున్నాను.