వెదకుచున్న తండ్రి



ఈ నెల మా మాటలను ఒక ఒప్పుకోలుతో మొదలుపెట్టుచున్నాము. పొందూరులో మా సంఘపు సహోదరి యొకామె వరుసగా నాలుగు ఆదివారములు ఆరాధనకు రాలేదు. నెలాఖరున హాజరు పుస్తకము చూచి మేము నొచ్చుకొంటిమి. భక్తి చల్లారుచున్నది, గట్టిగా హెచ్చరించవలెను అనుకొని ఒక మధ్యాహ్నము ఆమె ఇంటికి వెళ్ళితిమి.

పొందూరు సన్న ఖాదీ సంగతి మీరెరుగుదురు. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, నలుసులు పోగొట్టి, ఏకులు చేసి, రాట్నముపై నూలు వడకుదురు. ఆ పనిలో తొందర పనికిరాదు. మేము వెళ్ళునప్పటికి ఆ సహోదరి గుమ్మములో కూర్చుండి పత్తి దువ్వుచున్నది. లోపల మంచముమీద ఆమె అత్తగారు పక్షవాతముతో పడియున్నది. కోడలు పని మానకుండనే ఒక పాత కీర్తన మెల్లగా పాడుచున్నది. పల్లవి వచ్చినప్పుడెల్లను ఆ ముసలమ్మ వంకరపోయిన నోటితో అందుకొనుచున్నది.

మమ్మును చూచి ఆమె లేచి పీట వేసినది. “కూకోండి అయ్యగారూ. గుడికి రాలేదని వచ్చినారు కదా? మాయత్తని ఒగ్గీసి ఎలాగ వస్తానండి?” అన్నది.

మేము సిద్ధపరచుకొని వెళ్ళిన మాటలన్నియు నోటిలోనే ఆగిపోయినవి. ఆమె రాని వారములు లెక్కపెట్టితిమి గాని, ఎందుకు రాలేదో ఒక్క వారమైనను వెళ్ళి చూడలేదు. మేము పుస్తకములో ఆమె పేరు వెదకితిమి. తండ్రి ఆమెనే వెదకి, మాకంటె ముందుగా ఆ గుమ్మమునకు వచ్చియున్నాడు.

ఇంటికి తిరిగివచ్చి యోహాను సువార్త 4వ అధ్యాయము మరల చదివితిమి. తన్ను ఆత్మతోను సత్యముతోను ఆరాధించువారి విషయమై తండ్రి మనస్సు ఎట్టిదో 23వ వచనములో ప్రభువు సమరయ స్త్రీకి తెలియజేసెను. మన తెలుగు బైబిలులో అక్కడ “కోరుచున్నాడు” అని యున్నది. గ్రీకు మూలములోని మాటకు “వెదకుచున్నాడు” అను అర్థము కలదు. పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లూడ్చిన స్త్రీని గూర్చి లూకా 15:8లోను, నశించినదాని కొరకు వచ్చిన మనుష్యకుమారుని గూర్చి లూకా 19:10లోను అదే మాట వాడబడినది. కోరువాడు కూర్చున్నచోటనే కోరవచ్చును. వెదకువాడు లేచి నడవవలెను.

దేవునికి ఆరాధన కొరతయా? పరలోకములో దూతలు ఆయనను స్తుతించుచునే యున్నారు. ఆయన వెదకునది పాటలను కాదు, పాడు మనిషిని. అందుకే ప్రభువు ఎండలో నడిచి, అలసి, పట్టపగలు యాకోబు బావియొద్ద కూర్చుండెను. ఆ స్త్రీ దేవుని కొరకు రాలేదు, నీళ్ళకు వచ్చెను. ఆరాధించవలసిన స్థలము ఈ కొండయా, యెరూషలేమా అని ఆమె అడిగెను. ఆయన ఆమె బ్రదుకంతయు ఎరిగియుండియు తండ్రిని గూర్చి ఆమెతో మాటలాడెను.

ఈ వెదకుట మన ప్రాంతములోను జరిగినది. పురుషోత్తమ చౌదరి గారు 1803లో ఒక బ్రాహ్మణ కుటుంబములో పుట్టిరి. ఆయన రెండేండ్ల బిడ్డగా ఉన్నప్పుడు, 1805లో, లండను మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, డె గ్రాంజెస్ దొరలు విశాఖపట్నములో దిగిరి. ఆనందరాయరు అను విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగులోనికి మార్చుటకు పూనుకొనిరి. క్రాన్ గారు 1809లోను, డె గ్రాంజెస్ గారు 1810లోను కన్నుమూసిరి. వారి కష్టఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చుపడెను. అచ్చయిన ఆ పుస్తకమును వారిద్దరును చూడలేదు. 1818లో ప్రిచెట్ దొరగారి తెలుగు క్రొత్త నిబంధన మద్రాసులో వెలువడునప్పటికి పురుషోత్తమ చౌదరి గారికి 15 ఏండ్లు. 1833లో ఆయన బాప్తిస్మము పొందిరి.

చూచితిరా? ఆ బిడ్డకు అక్షరములు రాకముందే, అతడు చదువవలసిన వాక్యమును దేవుడు అతని భాషలో సిద్ధపరచుట ఆరంభించెను. సత్యమును మనమే వెదకి పట్టుకొంటిమని అనుకొందుము. వెనుకకు తిరిగి చూచిన, ఆయన అడుగులే మన అడుగులకు ముందుగా కనబడును.

పురుషోత్తమ చౌదరి గారు 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో నేటికిని ఉన్నవి. ఆనాడు ఆ గుమ్మములో అత్తాకోడళ్ళు పాడుకొనుచున్నది ఆయన కీర్తనయే. విశాఖపట్నములో మొదలైన ఆ వెదకుట ఇన్నేండ్లకు పొందూరులో ఒక మంచము దగ్గరకు చేరినది.

అయితే ఇంటిలో పాడుకొనుట చాలును, సంఘముతో పనిలేదని ఎవరును అనుకొనరాదు. సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక 10:25లో హెచ్చరిక యున్నది. ఆ సహోదరియు అట్లనుకొనలేదు. “మీరంతా పాడతన్నప్పుడు నేనిక్కడ ఒక్కత్తినీ ఉంటే ఏడుపొస్తాదండి” అని కన్నీళ్ళు తుడుచుకొన్నది. ఆ మాట మమ్మును గుచ్చెను. గురువారపు ప్రార్థన కూటమును ఆమె అరుగుమీదికి మార్చితిమి. ఆదివారమున అత్తగారి దగ్గర కూర్చుండుటకు స్త్రీల సమాజమువారు వంతులు వేసికొనిరి. ఐదవ ఆదివారమున ఆమె గుడికి వచ్చి, చాపమీద చివర కూర్చుండి, కన్నులు మూసికొని పాడినది. ఆ దినమున మేము హాజరు పుస్తకము తెరువలేదు.

ప్రియులారా, మీ సంఘములో ఖాళీగా ఉన్న చోటు ఎవరిది? మంచము పట్టినవారిదా? కూలిపనికి చెన్నపట్నమో హైదరాబాదో పోయినవారిదా? ఒక మాటకు నొచ్చుకొని దూరమైనవారిదా? వారిని నిందించుటకు ముందు ఒకసారి వెళ్ళి చూడుడి. వెదకు తండ్రికి వెదకు పిల్లలు కావలెను. ఒకవేళ దూరమైనది మీరే అయితే, భయపడవద్దు. మీరు నీళ్ళకు వెళ్ళు దారిలోనే ఆయన కూర్చుండియున్నాడు.

అట్టి కృప మనకందరికీ కలుగును గాక. ఆమేన్.