పనిముట్టు – పనితనం: మంగలికత్తికి సాన

గత సంచికలో ఆకురాళ్లను గురించి ముచ్చటించుకున్నాము. ఈ మారు అంతకంటె సున్నితమైన పనిని తలపెట్టాము. ఇది నేను చేసిన ఒక పొరపాటుతో మొదలవుతుంది.

1994లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, సెలవుకు ఊరికి వెళ్లినప్పుడు మా తాతగారి పెట్టెలో ఆయన వాడిన మంగలికత్తి దొరికినది. అంచు మొద్దుబారి ఉన్నది. ఇంజనీరింగు పట్టా ఉన్నదన్న ధీమాతో దానిని వెల్డింగు దుకాణంలోని ఎమెరీ చక్రానికి ఆనించాను. నాలుగు క్షణాలలో కొన వద్ద అరఅంగుళం మేర అంచు నీలిరంగుకు తిరిగినది. గట్టిపరచిన ఉక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఆ రంగు వస్తుంది. అప్పటికే దాని కాఠిన్యం కొంత పోయినట్లే లెక్క.

తాతగారి కత్తికి ఏళ్ల తరబడి సాన పట్టిన వృద్ధ క్షురకుడు దానిని చూసి నొచ్చుకున్నాడు. "ఇది కొడవలి కాదు గదా బాబూ! దీనికి రాయి తగలాలి గాని, నీ బలం తగలగూడదు" అన్నాడు. ఆ మాటలోని శాస్త్రం నాకు తరువాత బోధపడినది.

మంగలికత్తికి కోణం చూపే పరికరం అక్కరలేదు. దాని వెన్నే ఆ పని చేస్తుంది. వెన్ను, అంచు రెండూ రాయికి ఆనేటట్లు పడుకోబెడితే కోణం తనంతట తానే కుదురుతుంది. వెన్ను మందం 5 మిల్లీమీటర్లు, కత్తి వెడల్పు 17 మిల్లీమీటర్లు అనుకుంటే అంచు కోణం దాదాపు 17 డిగ్రీలు. చేయి బలంగా నొక్కితే పలుచని అంచు వంగి, ఆ లెక్క తప్పుతుంది. రాయి సమతలంగా లేకపోయినా ఇదే నష్టం.

సానరాళ్లు రెండు జాతులు. సహజమైన వాటిలో పేరెన్నికగన్నది బెల్జియం దేశపు ఆర్డెన్ ప్రాంతంలో దొరికే లేత పసుపు రాయి, కోటికుల్. దీనిలో కోతపని చేసేవి సూక్ష్మమైన గార్నెట్ స్ఫటికాలు. అవి పెక్కు ముఖాలతో ఇంచుమించు గుండ్రంగా ఉండుటచేత ఉక్కుపై లోతైన గీతలు పడవు. చిన్న రాతిముక్కతో నీటిలో రుద్దితే పాలవంటి ముద్ద వస్తుంది. దానితో మొదలుపెట్టి, నీరు కలుపుతూ పలుచన చేస్తూ పోతే ఒకే రాయి క్రమంగా మెత్తని పనికి దిగుతుంది.

కృత్రిమ రాళ్ల కథ 1891లో అమెరికాలో మలుపు తిరిగినది. ఎడ్వర్డ్ అచెసన్ మట్టిని, కోకు పొడిని విద్యుత్తుతో కాల్చగా సిలికాన్ కార్బైడ్ లభించినది. ఆయన దానికి పెట్టిన కార్బొరండం అనే పేరులో మన కురువిందం దాగి ఉన్నది. తమిళంలో కురుందం అనే ఆ మాటే ఇంగ్లీషులో కోరండం అయినది. కృత్రిమ రాయికి గల గొప్ప సుగుణం, రేణువుల పరిమాణం అదుపులో ఉండుట. 1000 అంకె గల రాతిలో రేణువు సుమారు 15 మైక్రాన్లు. 8000 రాతిలో తయారీదారును బట్టి రెండు మైక్రాన్లకు అటూ ఇటూ.

పద్ధతి ఇది. 1000 రాయి మీద అంచుకు రెండు వైపులా వాలు కుదరాలి. తరువాత 4000, 8000, చివరకు 12000. ప్రతి రాయి చేసే పని ఒక్కటే: ముందటి రాయి పెట్టిన గీతలను చెరిపివేయుట. తొందరపడి ఒక మెట్టు దాటవేస్తే ఆ గీతలు అంచు మీద రంపపు పళ్లవలె మిగిలి, చర్మానికి మంట పుట్టిస్తాయి. రాయి మీద అంచు ముందుగా నడవాలి. తోలుపట్టీ మీద వెన్ను ముందుగా నడవాలి. కత్తిని ఎప్పుడూ వెన్ను మీదనే తిప్పాలి. తోలు మీద నలభై, యాభై మార్లు చాలును.

ఇంత శ్రమ పడినా పదును ఎందుకు పోతుంది? వెంట్రుక ఉక్కుకంటె దాదాపు 50 రెట్లు మెత్తన. అయినప్పటికీ, ఉక్కు లోపలి నిర్మాణం అంతటా ఒకే తీరుగా లేని చోట వెంట్రుక వాలుగా తగిలితే అంచు నుంచి పెచ్చు ఊడగలదని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2020లో 'సైన్స్' పత్రికలో చూపారు. కనుక సాన ఒకనాటితో ముగిసే పని కాదు.

మీ ఇంట పెద్దల కత్తి ఉంటే దానిని చక్రం దగ్గరకు తీసుకుపోవద్దు. రాయి, నీరు, ఓపిక చాలును. ఒకరి కత్తిని మరొకరు వాడరాదన్న జాగ్రత్త మాత్రం మరువరాదు.

తాతగారి కత్తితో నేటికీ ఆదివారాలు గడ్డం చేసుకుంటాను. నీలిరంగు తిరిగిన ఆ అరఅంగుళానికి పదును వస్తుంది గాని నిలవదు. సాన పట్టేటప్పుడు అక్కడికి వచ్చేసరికి నా చేయి తనంతట తానే తేలిక అవుతుంది.