విమానమునకు దగ్గర, ప్రయాణికునకు దూరము



బెంగుళూరు, హైదరాబాదు విమానాశ్రయములు రెండును 2008లో ఊరి వెలుపలికి తరలినవి. మొదటిది ఉత్తరముగా దేవనహళ్లికి, రెండవది బేగంపేట నుండి దక్షిణముగా శంషాబాదుకు జరుగుటచే, వాటి నడిమి వాయుదూరము సుమారు 505 కిలోమీటర్ల నుండి 455కు తగ్గినది. అనగా విమానమునకు నాలుగైదు నిమిషముల లాభము.

మా హోసూరువారికి దక్కినది నష్టమే. పాత హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయము మాకు 40 కిలోమీటర్ల లోపే. దేవనహళ్లి 80కి దరిదాపు; అదియు నగరమంతయు దాటి. టిక్కెట్టుపై ప్రయాణము గంటంబావే. కిందటి ఏడు హైదరాబాదులో మా అక్కగారు పోయినట్లు తెల్లవారుజామున కబురందినది. వెంటనే కారెక్కితిని. సిల్కుబోర్డు కూడలిలోనే గంట నిలిచిపోయి, విమానము తప్పి, మరొకదానిలో చేరునప్పటికి దహనము ముగిసినది.

2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వము హోసూరునకు విమానాశ్రయము ప్రకటించినది. కాని దేవనహళ్లి ఒప్పందము ప్రకారము 2033 వరకు 150 కిలోమీటర్లలోపల మరొక అంతర్జాతీయ విమానాశ్రయము కూడదట. ఆ 150 కూడ వాయుదూరమే! కాకులకు సరిపడు కొలత. మైసూరు, హాసనములకు అందులోనే మినహాయింపు కలదు. హోసూరు పొరుగు రాష్ట్రములోనిదగుటచే కాబోలు, ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

విదేశీ విమానములు మాకక్కరలేదు. దేశములోపలి సర్వీసులకైనను కేంద్రము వెంటనే అనుమతి నీయవలెను.

హోసూరు — ఒక పాఠకుడు