తీగకు గుచ్చిన బిల్లులు, మెడకు చుట్టుకునే నోటీసులు

కిరాణా దుకాణం నడిపే మన అన్నను లెక్కలడిగితే రెండు చూపిస్తడు. ఒకటి ఉద్దెర పద్దుల బుక్కు, రెండోది గోడకు వేలాడే తీగ. సరుకు కొన్న బిల్లులన్నీ ఆ తీగకే. మార్చి దాటినంక సంచిల పోసుకొని ఆడిటర్ సాబ్ దగ్గరికి ఉరుకుతడు. అప్పటికి సగం బిల్లుల మీద అచ్చే ఎగిరిపోయి ఉంటది.

ఇంతకాలం నడిచింది. ఇక నడవదు. 2025 జులైల బెంగళూరుల ఏం జరిగింది? యూపీఐల వచ్చిన పైసలు లెక్కగట్టి చిల్లర వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చిండ్రు. పాలు, కూరగాయలు అమ్మేటోళ్లనూ వదల్లేదు. వాటి మీద పన్నే లేదు కదా? లేదు. కానీ ఆ పైసలు పాలవేనని కాయిదం మీద చూపేదెవరు?

2019 ఏప్రిల్‌ల సరుకు అమ్మేటోళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితిని చాలా రాష్ట్రాలు 40 లక్షలు చేసుకున్నయి. మన రాష్ట్రం 20 లక్షల కాడనే ఆగింది. రోజుకు 5,500 గిరాకీ అయితే చాలు, ఏడాదికి 20 లక్షలు దాటుతది. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల చిన్న దుకాణానికి ఈ వివక్ష ఏందని మేం అడుగుతనే ఉంటం.

అడుగుకుంటనే మన ఇల్లు మనం సర్దుకోవాలె. దుకాణానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ ఉండాలె. బిడ్డ ఫీజుకని బావ పంపిన పైసలు, ఎత్తిన చిట్టి పైసలు అందుల పడితే అదంతా అమ్మకమే అంటరు. షట్టర్ దించేముందు నగదెంత, ఫోన్ల ఎంత, పన్ను లేని సరుకెంత, మూడు అంకెలు రాయాలె. బిల్లులు నెలకొక కవర్ల పెట్టి, అచ్చు ఎగిరే కాయిదాలకు ఫొటో తీయాలె. డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్ల ఇది పది నిమిషాల పని. బాపు పద్దుల బుక్కు ఈ రాత్రే ఒకసారి తెరిచి చూడుండ్రి.