సంచి సర్దేది ఒకరు, అడిగేది అందరు

నారళీ పున్నమి దగ్గర పడింది. బయటివాళ్లకు అది రాఖీ పండుగ. మనకు జంధ్యాలు మార్చుకునే రోజు, మార్కండేయ మహర్షి రథం ఊరేగే రోజు కూడా. ఆ పొద్దున జోడ్‌భావి పేట్‌లో ఏ ఇంటి ముందు నిలబడ్డా ఒకటే కనిపిస్తది. మగవాళ్లు కొత్త జంధ్యం, ఇస్త్రీ అంగీతో గడప బయట చెప్పులేసుకొని "ఇంకెంత సేపు?" అని కేకేస్తుంటరు. లోపల ఒకామె చంకలో పిల్లను పెట్టుకొని ఒంటి చేత్తో సంచి సర్దుతుంటది. పాలు, కాచి చల్లార్చిన నీళ్లు, రెండు జతల బట్టలు, తువాల, బిస్కెట్లు, మందు. ఆమె ఇంకా తల కూడా దువ్వుకోలేదు.

ఇన్నాళ్లు మగ్గాల గురించి, తాతల గురించి రాసినం. ఈసారి ఆ సంచి గురించి రాస్తున్నం. చిన్న విషయమని పక్కన పెట్టకండి. మా మాట మొదలే చెప్పేస్తం: పిల్లల సంచిలో ఏముండాలి అన్నదానికంటే, అందులో ఏముందో ఇంట్లో ఎంతమందికి తెలుసు అన్నదే పెద్ద విషయం.

ఇది మాకు ఉమర్గాలో తెలిసొచ్చింది. కొన్నేండ్ల కింద సిరిసిల్లలో మావాళ్ల పెండ్లి. తెల్లవారుజామున రెండు బండ్లలో బయలుదేరినం. జీపులో ఆడవాళ్లు, సామాను. వెనక కారులో మగవాళ్లు. మా నడిపి కోడలి కొడుకు అప్పటికి నాలుగేండ్ల వాడు, తాత ఒళ్లోనే కూర్చుంటనని మారాం చేస్తే వాణ్ని కారులో వేసుకున్నం. వాడికి ఉబ్బసం ఉంది. నల్‌దుర్గ్ దాటినంక దగ్గు మొదలైంది, ఉమర్గా వచ్చేసరికి పిల్లి కూతలు. పక్కటెముకల సందులు లోపలికి గుంజుకుపోతున్నయి. ఇన్‌హేలర్ ఉన్న సంచి జీపులో, జీపేమో మాకంటే చాలా ముందు. ఫోను కలవదు.

మందుల దుకాణం ముందు బండి ఆపినం. ఏ మందని అడిగిండు దుకాణపు ఆయన. నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నం. "నీలం రంగు డబ్బా" అన్నరు ఒకరు. ఎంత పవరు, ఎన్నిసార్లు కొడతరు, మొహానికి పెట్టే గొట్టం ఉందా? ఏదీ తెలియదు. కన్నతండ్రికీ తెలియదు, ఒళ్లో పెట్టుకున్న తాతకూ తెలియదు. దగ్గర్లో ఒక డాక్టరు దొరికి ఆవిరి మందు పట్టబట్టి సరిపోయింది. మరో గంటకు వాడు లేచి కూర్చొని అరటిపండు అడిగిండు.

తర్వాతి సంగతే ఎక్కువ గుర్తుంది. పెండ్లింట్లో అడుగు పెట్టేసరికి మాట మాకంటే ముందే చేరింది: "కోడలు మందు మర్చిపోయిందట." ఆమె మర్చిపోలేదు. సంచి ముందర జేబులో, ప్లాస్టిక్ కవర్లో, డాక్టర్ చీటీతో సహా ఇన్‌హేలర్ భద్రంగా ఉంది. ఆమె మర్చిపోయింది తన జాకెట్టు. రెండు రోజులు ఆడబిడ్డ జాకెట్టుకు పిన్నీసులు పెట్టుకొని తిరిగింది. దాని గురించి ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు.

పెద్దవాళ్లు ఒకమాట అంటరు: "మా కాలంల ఇన్ని సామాన్లు లేకుండెనమ్మా. ఒక బొంత, నాలుగు పొత్తిగుడ్డలు, కడక్ రొట్టెల మూట. అంతే, పిల్లలు పెరగలేదా?" నిజమే. కడక్ రొట్టెను మించిన ప్రయాణపు తిండి మేము చూడలేదు. పల్చగా ఒత్తి, కాల్చి, ఎండబెట్టిన జొన్న రొట్టె తడి తగలకుంటే వారాలు నిల్వ ఉంటది. పెరుగులో నానబెడితే పండ్లు రాని పిల్ల కూడా చప్పరిస్తది. పక్కన శేంగా చట్నీ పొడి ఉంటే పెద్దవాళ్లకూ భోజనమైపోతది. (పొడి వరకు సరే. గుండు పల్లీలు మాత్రం అయిదేండ్ల లోపు పిల్లలకు ఇవ్వకండి, నడిచే బండిలో అసలే వద్దు. గొంతుకు అడ్డం పడితే కష్టం.) పాత నూలు చీరల బొంత సంగతీ అంతే. మెత్తన, తేలిక, చెమట పీల్చుకుంటది.

కానీ ఆ మాటలో సగమే నిజం. ఆ రోజుల్లో బొంత ఒక్కటే పోలేదు కదా! దాని వెంట అత్త, ఆడబిడ్డ, ఇద్దరు చిన్నమ్మలు, పక్కింటి అవ్వ పోయిండ్రు. పిల్ల ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి మారేది. ఎవరి దగ్గర ఏముందో అందరికీ తెలుసు. ఇప్పుడు పుణెలో, సూరత్‌లో, భివండిలో మనవాళ్లు రెండు గదుల ఇంట్లో ఇద్దరే ఉంటరు. అయిదుగురు మోసిన బరువు ఒక్క సంచిలోకొచ్చింది. దానికి పదహారు జేబులుంటే నవ్వడం దేనికి?

డైపర్ల మీద కూడా ఇదే పోరు. గుడ్డలే మంచివి, ఈ కాలం తల్లులకు బద్ధకం అంటరు. అనేవాళ్లు ఒకసారి మన ఊరి నల్లా వైపు చూడాలి. ఉజని నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు డ్రమ్ములు, బిందెలు నింపుకోవాలి. రోజుకు పది గుడ్డలు ఉతకాలంటే నీళ్లెక్కడివి? ఇంట్లో గుడ్డలు, బయటికి పోతే డైపర్ అని మా కోడళ్లు పెట్టుకున్న పద్ధతిలో మాకు తప్పేమీ కనిపించలేదు. పాడైనదాన్ని రోడ్డు పక్కన పారేయకుండా కవర్లో కట్టి తెచ్చుకుంటే చాలు.

మరి సంచి బరువు ఎట్ల తగ్గాలి? తువాల నేసే ఊరు మనది. షోలాపూర్ టెర్రీ తువాలకూ, చద్దరుకూ రెండింటికీ జీఐ గుర్తింపు ఉంది. పెద్ద తువాల ఒక్కటి ఉంటే పిల్లకు పరుపు, బట్టలు మార్చే చాప, పాలిచ్చేటప్పుడు చాటు, కిటికీ ఎండకు తెర, అన్నీ అదే. నాలుగు రకాల చాపలు, తెరలు కొనాల్సిన పని లేదు. చద్దరు మాత్రం రైలుకే. వాడిమీద తాడికొండలా బరువు, దాన్ని గడ్డకు మోసుకపోతే భుజం పోతది. మే నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటుతది, అప్పుడు బట్టలకంటే నీళ్లు ముఖ్యం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ పెట్టేవాళ్లు లీటరు సీసా కూడా పెట్టాలి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో చిటికెడు వేసి అంచనాతో కలిపితే కుదరదు. డబ్బాల్లో దొరికే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. పేరులో ఆ మాట పెట్టొద్దని ఆహార భద్రత సంస్థ 2025 అక్టోబరులో కంపెనీలకు చెప్పింది కూడా.

సంచిలో పట్టనిది ఇంకొకటి ఉంది. సంక్రాంతికి సిద్ధేశ్వర యాత్రలో ఏడు నందిధ్వజాలు చూసి, హోమ్ మైదాన్‌లో గడ్డకు పోయినప్పుడు మా ఇంటి ఆడపిల్ల ఒకతె జెయింట్ వీల్ దగ్గర తప్పిపోయింది. మూడేండ్లది. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ సంచి మా చేతిలోనే ఉంది, అన్నీ ఉన్నయి అందులో. పిల్ల దగ్గర మాత్రం ఏమీ లేదు. పేరు అడిగితే "చిన్ని" అని చెప్పిందట, తెలుగులో. గాజుల దుకాణం ఆమె మన పద్మశాలీ కాబట్టి అర్థం చేసుకొని తన దగ్గరే కూర్చోబెట్టుకుంది. అప్పటినుంచి గుంపులోకి పోయే ప్రతి పిల్ల జేబులో చీటీ పెడుతున్నం. రెండు ఫోను నంబర్లు, మరాఠీలో ఒక లైను, తెలుగులో ఒక లైను. పైన కనిపించేటట్టు పిల్ల పేరు మాత్రం రాయం, కొత్తవాళ్లు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు నమ్మి వెంట పోతరు. బయలుదేరేముందు ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో కూడా తీసుకుంటం. ఏ రంగు గౌను అని పోలీసులు అడిగితే ఏడుస్తున్న తల్లికి గుర్తుండదు. తండ్రికైతే ముందే తెలియదు.

మనం కొలిచే మార్కండేయుడే పిల్లవాడు. పదహారేండ్లకు ఆయుష్షు తీరుతదని తెలిసి తల్లీ తండ్రీ ఎట్ల బతికిండ్రో పురాణం చెప్పేవాళ్లు చెప్తనే ఉంటరు. ఆయన రథం చూడబోయే రోజున, పిల్లల భయమంతా ఒక్క తల్లి నెత్తిన పెట్టి మిగతావాళ్లం రథం ముందు ఫోటోలు దిగుతం. మా ఇంటి కోడళ్లలో ఒకామె అన్నది, పెండ్లయిన తొమ్మిదేండ్లలో రథం ముందు భాగం ఒక్కసారే చూసిందట. మిగతా అన్నిసార్లూ పిల్ల బట్టలు మార్చడానికి ఎవరో ఒకరి అరుగు మీదే ఉంది.

ఉమర్గా తర్వాత మా ఇంట్లో కొన్ని మారినయి. మందు సంచిలో పెట్టం. పిల్లను ఎవరు ఎత్తుకుంటే వాళ్ల మెడలో చిన్న జోలె సంచి, మందు అందులో. పిల్ల చేతులు మారితే జోలె కూడా మారాలి. ముందురోజు రాత్రి పెద్ద సంచిని గచ్చు మీద విప్పి, వచ్చేవాళ్లందరం ఒకసారి చూస్తం. తాత కూడా చూడాల్సిందే. ఇన్‌హేలర్ ఎట్ల పట్టాలో అందరం నేర్చుకున్నం, ఉత్త గొట్టంతో.

ఇంకొకటి, సర్దడం వంతులవారీగా చేసినం. మొదటిసారి మా పెద్దబ్బాయి సర్దిండు. రెండు గంటల ఊరేగింపుకు తొమ్మిది డైపర్లు, ఒక క్రికెట్ బంతి, చెంచా లేకుండా పెరుగన్నం. ఇంటిల్లిపాదీ నవ్వినం కానీ ఎవరూ సంచి లాక్కోలేదు. లాక్కుంటే మళ్లీ మొదటికే వస్తది. "నీకు రాదులే, ఇటియ్యి" అన్న మాట మన ఇండ్లలో ఎక్కువగా ఆడవాళ్లే అంటరు. అది కూడా చెప్పాలి కదా.

ఈ పున్నమికి వంతు నడిపి అబ్బాయిది, ఉమర్గాలో దుకాణం ముందు నోరు తెరవలేకపోయిన వాడిది. కొడుకు ఇప్పుడు బడికి పోతున్నడు, చంటిది ఒకతి ఉంది. నిన్న రాత్రే మొదలుపెట్టిండు. "చంటిదాని టోపీ ఎక్కడుంటది?" అని వంటింట్లోకి కేకేసిండు. లోపలినుంచి ఎవరూ పలకలేదు. కాసేపటికి అలమార తలుపు తీసిన చప్పుడైంది.