నిబంధనలు రాసే చోట ఆర్కిటెక్టులు ఏరీ?

2025 మే 18, ఆదివారం తెల్లవారింది. హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్‌హౌజ్ వద్ద ఒక పాత భవనంలో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కాపురాలు. పైకి వెళ్ళడానికీ కిందికి రావడానికీ ఉన్నది ఒకే ఒక్క ఇరుకు మెట్లదారి. పదిహేడు మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎనిమిది మంది పిల్లలు. ఎక్కువ మందిని బలి తీసుకున్నది పొగ. చుట్టుపక్కల వారు, ఫైరింజన్ల సిబ్బంది ఎంత ప్రయత్నించినా ఆ ఇరుకుదారే అడ్డమైంది.

ఇలాంటి దుర్ఘటన ఇదే మొదటిది కాదు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లోని ఒక లాడ్జిలో ఎనిమిది మంది మరణించారు. అక్కడ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన గదులు. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. అక్కడ కింద రసాయనాల డ్రమ్ములు, పైన కుటుంబాలు. ఊరు ఒకటే, కథ ఒకటే: కింద వ్యాపారం, పైన నివాసం, తప్పించుకోవడానికి రెండో దారి లేకపోవడం. ప్రమాదం జరిగిన ప్రతిసారీ నాయకులు వస్తారు, నష్టపరిహారం ప్రకటిస్తారు, తనిఖీలు చేస్తారు, నోటీసులిస్తారు. నెల తిరిగేసరికి అందరూ మరచిపోతారు. ఇది విచారకరం. అంతకన్నా విచారకరం ఏమిటంటే, అసలు నిబంధనలు ఎలా ఉన్నాయో, వాటిని ఎవరు రాస్తున్నారో అడిగేవారే లేకపోవడం.

చట్టం ఏమంటున్నది?

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన అగ్నిమాపక చట్టం ప్రకారం నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు, అంతకు పైబడి ఎత్తు ఉంటే అగ్నిమాపక శాఖ అనుమతి తప్పనిసరి. స్కూళ్ళు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, ప్రార్థనాలయాల వంటి జనం గుమికూడే చోట్లకు వేరే కొలత ఉంది. కానీ మన పాత మొహల్లాల్లోని రెండు, మూడు అంతస్తుల ఇళ్ళు ఈ ఎత్తుకు చాలా తక్కువ. కాబట్టి అవి ఆ వలలో పడవు. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల్లో మెట్ల గురించీ, గాలీ వెలుతురు గురించీ ఉన్నమాట నిజమే. అయితే అవి ప్రధానంగా కొత్తగా కట్టబోయే ఇంటికి. తాతల కాలంనాటి ఇంట్లో కింది గదులు మలిగీలుగా మారి, వాటి మీద మరో అంతస్తు లేచి, కరెంటు వాడకం పదింతలైన చోట, ఆ మార్పును పట్టించుకునే కన్ను లేదు.

తెలంగాణలో 2020లో తెచ్చిన చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకునేవారికి అనుమతి అక్కరలేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టారు. ఆఫీసుల చుట్టూ తిరిగి, చేతులు తడిపి అలసిపోయిన పేదవాడికి ఇది మేలే. దీన్ని మేము కాదనడం లేదు. కాని మేస్త్రీ గీసిన గీతే ప్లానుగా మారినప్పుడు, మెట్లు ఎక్కడ పడాలి, మీటర్ల బోర్డు మెట్ల కింద పెట్టవచ్చునా అని చెప్పేవారెవరు? లంచం బాధ తగ్గింది సరే, సలహా ఇచ్చేవాడు మాత్రం రాలేదు.

సంతకానికే పరిమితం

ఇక్కడే ఆర్కిటెక్టుల ప్రస్తావన వస్తుంది. నిబంధనలను మునిసిపల్ శాఖ అధికారులు తయారుచేస్తారు, జీవో రూపంలో విడుదల చేస్తారు. అదనపు అంతస్తుల కోసం, ఫీజుల రాయితీల కోసం బిల్డర్ల సంఘాలు ప్రభుత్వం చుట్టూ తిరుగుతాయి. ఇల్లు ఎలా ఉండాలో చదువుకున్న ఆర్కిటెక్టు మాత్రం చివరన, కాగితం మీద సంతకానికి కనిపిస్తాడు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కూడా ఆ పేరుకే రక్షణ ఇచ్చింది. రిజిస్టర్ కానివారు తమను తాము ఆర్కిటెక్టు అని చెప్పుకోరాదే తప్ప, భవనాల రూపకల్పన పని చేయడాన్ని ఆ చట్టం నిషేధించలేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే చట్టం బలంతో వారికి పెద్దపీట దక్కదు. ప్రజల పక్షాన నోరు విప్పితేనే వారి విలువ నిలబడుతుంది.

విప్పినవారు లేకపోలేదు. 1960ల మధ్యలో బొంబాయి నగరం కిక్కిరిసిపోతున్నప్పుడు చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా అనే ఆర్కిటెక్టులు, శిరీష్ పటేల్ అనే ఇంజనీరు కలిసి, సముద్రపు పాయకు ఆవలివైపు కొత్త నగరం కట్టాలని ప్రతిపాదించారు. ప్రభుత్వం విన్నది. 1970లో అందుకోసం సంస్థ ఏర్పడింది, నవీ ముంబై వెలిసింది. తర్వాత జాతీయ పట్టణీకరణ కమిషన్‌కు కొరియాయే అధ్యక్షత వహించారు. మన హైదరాబాద్‌లోనూ 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టే ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను దేశదేశాల విద్యాలయాలు చూసి రమ్మని పంపారు. ముందు నిపుణుణ్ణి అడిగి, తర్వాత కట్టిన రోజులవి.

ముస్లిం నాగరికతలో ఈ సంప్రదాయం ఇంకా పాతది. దారి వెడల్పుపై తగవు వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. పొరుగువాడికి హాని కలిగించే హక్కు ఎవరికీ లేదన్న సూత్రం మీదనే ఫిఖ్ పండితులు గోడలు, కిటికీలు, తూముల తగాదాలు పరిష్కరించారు. 14వ శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో ఇబ్నుర్రామీ అనే మేస్త్రీ ఉండేవారు. భవనాల తగాదాల్లో ఖాజీ తరఫున వెళ్ళి చూసి, అభిప్రాయం చెప్పేవారు. ఆ అనుభవంతో కట్టడాల నియమాలపై ఒక గ్రంథమే రాశారు. పొయ్యి పొగ పక్కింట్లోకి పోతే ఏం చేయాలి, కిటికీ నుంచి పరుల అంతఃపురం కనిపిస్తే ఏం చేయాలి వంటి సంగతులు అందులో ఉన్నాయి. న్యాయం ఖాజీది, కట్టడం తెలిసిన కన్ను మేస్త్రీది. నేడు ఆ రెండో కన్ను లేకుండానే జీవోలు వెలువడుతున్నాయి.

దాని ఫలితం మన ఇళ్ళలోనే చూడవచ్చు. పాత దేవిడీల్లో ఇంటి మధ్యన సహన్ ఉండేది. స్త్రీలకు పర్దా, పిల్లలకు ఆటస్థలం, ఇంటికంతా గాలి. నేటి నిబంధనలు సాధారణంగా ఇంటి చుట్టూ ఖాళీ వదలమంటాయి. నూటయాభై గజాల స్థలంలో అలా వదిలితే మిగిలేది పక్కింటి గోడను ఆనుకున్న చీకటి సందు. అందులో పాత సామాను చేరుతుంది. చూపు పడుతుందని కిటికీ మూసేస్తారు, దొంగల భయంతో ఇనుప జాలీ బిగిస్తారు. ఆపద వేళ ఆ జాలీయే మృత్యువవుతుంది. అదే ఖాళీని ఇంటి మధ్యకు తెచ్చుకునే వెసులుబాటు చిన్న స్థలాలకు ధారాళంగా ఇవ్వాలని వాదించవలసింది ఎవరు? ఆర్కిటెక్టులే కదా!

చేయవలసినవి

74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికనూ, భవన నిర్మాణ నియంత్రణనూ మునిసిపాలిటీల పనుల్లో చేర్చింది. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలన్నది. కనుక నిబంధనలు మార్చినప్పుడల్లా ముసాయిదాను తెలుగులో, ఉర్దూలో ప్రచురించి అభ్యంతరాలు కోరాలి. వాటిని తయారుచేసే కమిటీలో ఆర్కిటెక్టులు, అగ్నిమాపక అధికారులు కూర్చోవాలి. ముఖ్యంగా పాత ఇళ్ళకు వేరే నియమావళి కావాలి. వాటిని కూల్చమనడం పరిష్కారం కాదు. పక్క ఇంటి డాబా మీదికి దారి, లోపలి నుంచి తెరుచుకునే జాలీ, మెట్ల కింద నుంచి మీటర్ల తొలగింపు వంటి కొద్ది ఖర్చు పనులను తప్పనిసరి చేసి, పేదలకు సాయం అందించాలి.

మన సమాజంలోనూ ఆర్కిటెక్చర్ చదివిన యువతీ యువకులు ఉన్నారు. వారు నెలకొక రోజు తమ మొహల్లాకు కేటాయించి, మస్జిద్ కమిటీల సహకారంతో మదర్సాలు, ఫంక్షన్ హాళ్ళు, పాత ఇళ్ళు చూసి చెప్పగలిగితే ఎంతో మేలు. ఆ చూసినదంతా రాసి మునిసిపల్ ఆఫీసుకు పంపితే, అదే రేపటి నిబంధనకు పునాది అవుతుంది. ఇల్లు కట్టుకునే కుటుంబాలు కూడా పెళ్ళి విందుకు పెట్టే ఖర్చులో పదోవంతు సలహాకు పెట్టడానికి వెనుకాడరాదు.

ఈ రాత్రి నిద్రపోయే ముందు ప్రతి ఇంటి పెద్దా ఒక ప్రశ్న వేసుకోవాలి: మెట్లదారిలో పొగ నిండితే మా పిల్లలు ఎటు వెళ్తారు? జవాబు లేకపోతే, ఆ ప్రశ్ననే మన కార్పొరేటర్‌నూ, మన ఆర్కిటెక్టులనూ అడుగుదాం.